సు షి – ఒక ప్రభుత్వోద్యోగి దస్తూరి

మేము కొలువులో ఉన్న రోజుల్లో దస్తూరి బాగున్నవాడికి ఒక శిక్ష ఉండేది. ముఖ్యమైన కాగితం ఏది వచ్చినా ఫెయిర్ కాపీ రాసే పని వాడి నెత్తినే పడేది. ఆ శిక్ష నేను చాలా ఏళ్లు అనుభవించాను. అందుకే కాబోలు, రిటైరయ్యాక చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే చైనా దేశపు సు షి దగ్గర నా చూపు ఆగిపోయింది. లోకం ఆయనను మహాకవి అంటుంది, లిపికళలో దిట్ట అంటుంది. కాని ఆయన ముందు ప్రభుత్వోద్యోగి. బదిలీలు, విచారణ, అధికారం లేని పోస్టింగు, అన్నీ చవిచూసినవాడు.

సు షి 1037లో సిచువాన్ ప్రాంతంలోని మేయ్‌షాన్‌లో పుట్టాడు. అప్పటికి మన వేంగిని రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. 1057లో సు షి, ఆయన తమ్ముడు సు జ ఇద్దరూ రాజధాని కైఫెంగ్‌లో కొలువు పరీక్ష రాసి నెగ్గారు. ఆ పరీక్ష పద్ధతి వింటే మనకు ముచ్చటేస్తుంది. జవాబు పత్రం మీద పేరు కప్పేసేవారు. అది చాలదని, దస్తూరిని బట్టి ఎవరిదో పోల్చుకుంటారన్న అనుమానంతో గుమాస్తాల చేత పత్రాలన్నీ తిరగ రాయించేవారు. పరీక్షాధికారి ఒయాంగ్ షియు ఒక వ్యాసం చదివి మురిసిపోయాడు. అది తన శిష్యుడు జెంగ్ గోంగ్‌దే అయి ఉంటుందని, మొదటి స్థానం ఇస్తే పక్షపాతం అంటారని జంకి రెండో స్థానంలో పెట్టాడు. తీరా చూస్తే అది సు షి రాసింది! ఆ పత్రాలను తిరగరాసిన గుమాస్తాల పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

1069 నుంచి మంత్రి వాంగ్ ఆన్‌షీ పెద్ద సంస్కరణలు మొదలుపెట్టాడు. రైతులకు సర్కారే అప్పులివ్వడం వాటిలో ఒకటి. ఉద్దేశం మంచిదే. కాని వసూళ్ల దగ్గర కింది అధికారులు పెట్టే బాధలు జిల్లాల్లో పనిచేసే సు షి కళ్లారా చూశాడు. చూసి ఊరుకోలేదు, పద్యాల్లో ఎత్తిపొడిచాడు. 1079లో హుజౌకు బదిలీ అయినప్పుడు, ఆచారం ప్రకారం చక్రవర్తికి కృతజ్ఞతా పత్రం పంపాలి. జాయినింగ్ రిపోర్టు వంటిది అనుకోండి. అందులోనూ ఒక చురక వేశాడు. దానితో ఆయనను పట్టుకెళ్లి నాలుగు నెలలకు పైగా రాజధానిలో నిర్బంధించారు. ఆ కార్యాలయం చెట్ల మీద కాకులు గూళ్లు పెట్టేవట, అందుకని ఆ కేసుకు ‘కాకుల గద్దె’ కేసు అని పేరు. అచ్చయిన పద్యాలనే సాక్ష్యంగా పెట్టి, ఒక్కొక్క పద్యానికి సంజాయిషీ రాయించారు. తమ్ముడు తన పదవులు వదులుకుంటాను, అన్నను విడిచిపెట్టమని అర్జీ పెట్టుకున్నాడు.

ఇంటి ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దారిలో సర్కారు మనుషులు పడవ సోదా చేసి వెళ్లాక, ఈ రాతల వల్లే కదా ఇంత చేటు వచ్చిందని తిట్టుకుంటూ వాళ్లు దొరికిన కాగితాలన్నీ తగులబెట్టారు. పదింట ఏడెనిమిది పాళ్లు పోయాయని సు షియే తర్వాత ఒక లేఖలో రాశాడు. వాళ్లను తప్పు పట్టలేం. పిల్లలను పెట్టుకుని భయపడ్డవాళ్లు వాళ్లు.

ప్రాణం దక్కింది. 1080లో యాంగ్జీ నది ఒడ్డున హువాంగ్‌జౌకు పంపారు. పేరుకు ఒక పోస్టు ఉంది గాని, సర్కారు కాగితాల మీద సంతకం పెట్టే అధికారం లేదని ఉత్తర్వులోనే రాశారు. జీతం దాదాపు లేనట్టే. అప్పుడాయన చేసిన ఏర్పాటు పెన్షనర్లమైన మనం వినవలసింది. నెల మొదట్లో 4,500 రాగి నాణేలు తీసి, 30 భాగాలు చేసి, దూలానికి వేలాడగట్టేవాడు. రోజుకు ఒకటి కర్రతో దింపడం, అంటే 150 నాణేలు. ఆ రోజు మిగిలింది వెదురు గొట్టంలో వేసి, చుట్టాలొస్తే ఖర్చు పెట్టడం. అదీ చాలక ఊరి తూర్పు వాలున బీడు పడ్డ నేల దున్నుకున్నాడు. ‘తూర్పు వాలు’ను వాళ్ల భాషలో దోంగ్‌పో అంటారు. ఆ పేరే తనకు పెట్టుకున్నాడు. ఇవాళ చైనాలో సు దోంగ్‌పో అంటేనే ఎక్కువ మందికి తెలుస్తుంది.

1082 వసంతంలో చల్లన్నం పండుగ వచ్చింది. ఆ రోజు పొయ్యి వెలిగించేవారు కాదు. హువాంగ్‌జౌలో ఆయనకది మూడో పండుగ. ముసురు పట్టి వానలు, కారే ఇల్లు, తడిసిన రెల్లు, విరిగిన పొయ్యి. రాజసన్నిధికి పోలేడు, తల్లిదండ్రుల సమాధులు చూడబోదామంటే అవీ దూరమే. ఆ దిగులు మీద రెండు పద్యాలు రాసుకున్నాడు. వాటిని ఆయన స్వహస్తంతో రాసిన కాగితం ఇప్పటికీ ఉంది. 17 వరుసలు, 129 అక్షరాలు. నేను దాని ఫొటో అచ్చు చూశాను. మనకు చైనా లిపి రాదు. అయినా మొదట పొందికగా, చిన్నగా మొదలైన అక్షరాలు పోను పోను లావెక్కి, బరువెక్కి, ఒకచోట ఒక గీత కిందికి చాలా దూరం జారిపోవడం ఎవరికైనా కనబడుతుంది. ఒక అక్షరం పొరపాటున ఎక్కువ రాసి పక్కన చుక్కలు పెట్టాడు. వదిలేసిన అక్షరం ఒకటి పక్కన చిన్నగా ఇరికించాడు.

మా ఆఫీసులో ఆ కాగితం ఇస్తే సూపరింటెండెంటు చించేసేవాడు. చైనావారు మాత్రం వేగంగా రాసే ఆ తరహా రాతలో తమ దేశపు మూడో గొప్ప కాగితంగా దాన్ని ఎంచారు. మొదటిది 353లో వాంగ్ షీజీ రాసిన ముందుమాట, రెండోది 758లో యాన్ జెన్‌చింగ్ తిరుగుబాటులో చచ్చిపోయిన అన్న కొడుకు కోసం రాసుకున్నది. ఆ రెండూ కూడా దిద్దుబాట్లున్న చిత్తుప్రతులే. నా ఫెయిర్ కాపీల్లో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. ఒకసారి, అందులోని లెక్క పేదవాళ్లకు అన్యాయం చేస్తుందని తెలిసి కూడా, పైనుంచి వచ్చిన చిత్తును ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకానికి పెట్టాను. ‘చాలా బాగుంది’ అన్నారు.

సు షి కలం పట్టు కూడా శాస్త్రప్రకారం సరైనది కాదనేవారు. అక్షరాలు వెడల్పుగా, కాస్త అణిగినట్టుంటాయి. నీ అక్షరాలు చెట్టుకు వేలాడే పాముల్లా ఉన్నాయని ఈయన మిత్రుడు హువాంగ్ టింగ్‌జియాన్‌ను వేళాకోళం చేశాడని, మీవి రాతి కింద నలిగిన కప్పలా ఉన్నాయని అతను తిరగ్గొట్టాడని ఒక కథ. ఆ హువాంగే ఈ కాగితం చివర తన మాట రాస్తూ, సు షి మళ్లీ కూర్చుని రాసినా ఇంత బాగా రాకపోవచ్చన్నాడు.

తర్వాత ఆయన మంచి రోజులూ చూశాడు. 1089లో హాంగ్‌జౌ అధికారిగా వెళ్లి, పూడిపోతున్న పశ్చిమ సరస్సు తవ్వించి ఆ మట్టితోనే కట్ట వేయించాడు. దానిమీద జనం ఇవాళ్టికీ నడుస్తున్నారు. రాజకీయం మారి మళ్లీ శిక్ష పడింది, ఈసారి సముద్రం అవతల హైనాన్ దీవికి. క్షమాపణ వచ్చి తిరిగొస్తూ 1101లో చాంగ్‌జౌలో కన్నుమూశాడు. 1103లో ఆయన రచనల అచ్చుదిమ్మెలు కాల్చమని సర్కారు ఉత్తర్వు ఇచ్చింది.

చల్లన్నం పండుగ కాగితం చేతులు మారుతూ చక్రవర్తుల ఖజానాకు చేరింది. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు బీజింగ్ వేసవి రాజభవనాన్ని తగులబెట్టినప్పుడు మంటల్లో పడి బయటపడిందంటారు. తర్వాత జపాను చేరింది. 1923 భూకంపంలో టోక్యో తగలబడుతుంటే, దాని యజమాని కికుచి మంటల్లోకి వెళ్లి తెచ్చుకున్నాడు. 1987 నుంచి అది తైపే ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. కింది అంచున కాలిన మరకలు కనబడతాయి. అక్షరాలు మాత్రం మిగిలాయి, పక్కన పెట్టిన ఆ చుక్కలతో సహా.