రోజువారీ ఆరోగ్య రికార్డుల ప్రామాణీకరణ

వైద్యం చేసే క్రమంలో పుట్టే ఓపీ చీటీలను, ల్యాబ్ రిపోర్టులను, డిశ్చార్జి సమ్మరీలను, బీమా క్లెయిములను పరిశోధనకు పనికొచ్చేలా ఒకే పద్ధతిలోకి తేవడాన్ని ఆరోగ్య డేటా ప్రామాణీకరణ అంటారు. ఇవేవీ పరిశోధన కోసం రాసినవి కావు. హైదరాబాద్ తూర్పున, నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న చంపాపేట్‌లో ఒక మనిషి సుగర్ చరిత్ర కొంత బస్తీ దవాఖానా రిజిస్టర్లో, కొంత కాలనీ క్లినిక్ చీటీలో, కొంత దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్ కంప్యూటర్లో, మిగతాది ఏదో ఆస్పత్రి ఆరోగ్యశ్రీ ఫైల్లో ఉండొచ్చు. మంచి సాఫ్ట్‌వేర్ వస్తే ఇవన్నీ కలిసిపోతాయని చాలామంది అనుకుంటారు. చిక్కు కలపడంలో కన్నా మొదట రాయడంలో ఎక్కువగా ఉంది. వేర్వేరుగా రాసినదాన్ని తర్వాతైనా సరిచేయొచ్చు. అసలు రాయనిదాన్ని ఏ కోడూ తెచ్చిపెట్టలేదు.

చీటీ మీద ‘సుగర్ 168’ అని ఉందనుకుందాం. కొలమానం తేడా అయితే బెంగ లేదు: మిల్లీగ్రాముల అంకెను 18తో భాగిస్తే మిల్లీమోల్ లెక్క వస్తుంది. కంటిచూపును ఒకరు 6/60 అని, మరొకరు 20/200 అని రాసినా అంతే, రెండూ ఒకటే. కానీ ఆ 168 ఎప్పుడు తీసింది? పరగడుపున అయితే అది 126 హద్దు దాటింది కాబట్టి, మరో పరీక్షలో నిలిస్తే, మధుమేహమే. గ్లూకోజ్ తాగించిన రెండు గంటలకు తీసిందైతే 140కీ 199కీ మధ్య ఉంది, అంటే జబ్బుకు ముందు దశ. ఏ వేళా పాళా లేకుండా తీసిందైతే దాన్నిబట్టి ఏదీ తేల్చలేం. ల్యాబ్ పరీక్షలకు వాడే లోయింక్ ప్రమాణంలో పరగడుపు గ్లూకోజుకు 1558-6 అనీ, వేళ చెప్పని గ్లూకోజుకు 2345-7 అనీ వేర్వేరు సంకేతాలున్నాయి. ప్రమాణం తన పని తాను చేసింది. చీటీలో ఆ ఒక్క మాట లేకపోతే రికార్డు రెండో సంకేతం కిందికే పోతుంది. వేలుకొన గుచ్చి గ్లూకోమీటర్‌తో చూశారా, సిరంజితో రక్తం తీసి ల్యాబ్‌కు పంపారా అన్నది కూడా ఇలాగే జారిపోతుంది.

రాసే తీరే తేడా తెస్తుందనడానికి తెలుగు నేల మీద రెండు గట్టి ఉదాహరణలున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ బీమా పథకం క్లెయిములను పరిశోధకులు విశ్లేషించినప్పుడు, 2008 మధ్య నుంచి 2012 మధ్య దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 6.77 లక్షల శస్త్రచికిత్స చేరికలు లెక్కకొచ్చాయి. వాటిలో 80 శాతం ప్రైవేటు ఆస్పత్రుల్లోనివి. ఇంత పెద్ద లెక్క ఏ సర్వేకూ అందదు. అయితే క్లెయిము పుట్టింది డబ్బు చెల్లింపు కోసం. ప్యాకేజీ కోడు ఏం చేశారో చెబుతుంది, ఎందుకు చేశారో చెప్పదు. సొంత ఖర్చుతో చేయించుకున్నవారు అందులో కనబడరు. రెండోది ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి. 2010 నుంచి అక్కడ ‘ఐస్మార్ట్’ అనే సొంత ఎలక్ట్రానిక్ రికార్డు నడుస్తోంది. డాక్టర్లు పరీక్ష చేస్తూనే నిర్ణీత గడుల్లో నింపుతారు. మొదటి ఎనిమిదేళ్లలోనే 20 లక్షలకు పైగా రోగుల వివరాలు చేరాయి, వాటి మీద పరిశోధన పత్రాలు వరసగా వస్తున్నాయి. పోలిక పూర్తిగా న్యాయమైనది కాదనక తప్పదు: ఒకే సంస్థ, ఒకే అవయవం. అయినా తేడా డేటా పరిమాణంలో లేదు, గడి ఎప్పుడు నిండిందన్నదానిలో ఉంది.

బస్తీ దవాఖానాలో క్యూ కట్టిన జనాన్ని చూస్తూ డాక్టరు గడులు నింపుతూ కూర్చోగలడా అన్నది సబబైన అభ్యంతరమే. యాభై గడుల ఫారం పెడితే సగం ఖాళీగా, సగం అబద్ధంగా వస్తుంది. వయసు గడిలో 40, 45, 50 ఎలా కుప్పపడతాయో జనాభా లెక్కలు చూసినవారికి తెలుసు. కాబట్టి అడగాల్సింది తక్కువే ఉండాలి, రక్తం తీసే నర్సు ‘పరగడుపా, తిన్నాకా’ అని అడిగినప్పుడే అది నమోదు కావాలి. గడులు పెడితే డాక్టరు మాటలోని సూక్ష్మం పోతుందన్న వాదనకూ జవాబుంది: పరిశోధకులు విరివిగా వాడే ఓమాప్ అనే డేటా నమూనా, సంకేతం పక్కనే మూలంలో ఉన్న విలువను కూడా నిలుపుతుంది.

రికార్డులు ఇలా ఉండటానికి ప్రమాణాలు లేకపోవడం కూడా కారణం కాదు. కేంద్రం 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు ప్రమాణాలు ప్రకటించి 2016లో సవరించింది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ విస్తరించింది. తెలంగాణ 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ మొదలుపెట్టింది. డిజిటల్ మిషన్ కింద ఒక్కొక్కరికీ ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్యతో, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక పడి విడిపోయిన రికార్డులు కలుస్తాయి. గోప్యత భయం ఇక్కడే మొదలవుతుంది, అది ఉత్త భయం కాదు. పేరు తీసేసినా కాలనీ, వయసు, అరుదైన జబ్బు మూడూ ఉంటే చంపాపేట్‌లో ఆ మనిషిని పోల్చుకోవడం కష్టం కాదు. అందుకే కలపడానికి వాడిన సంఖ్య పరిశోధకుడి ప్రతిలోకి వెళ్లకూడదు, చిరునామా జిల్లా స్థాయి దాటి రాకూడదు. వీధి స్థాయి వివరం కావాల్సిన అధ్యయనాలకు ఎథిక్స్ కమిటీ విడిగా అనుమతివ్వాలి.