సరుకు బండి కొనబోయే ముందు



మన రోడ్ల మీద తిరిగే మధ్యరకం లారీని తెలంగాణలో చాలామంది “డి.సి.ఎం.” అంటారు. చిన్న సరుకు బండిని ఎన్నో చోట్ల “టెంపో” అంటారు. ఈ మాటలు ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించారా? మొదటిది ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లు పేరు. రెండవది జర్మనీ దేశపు బండి పేరు. ఆ పేర్లతో బండ్లు అమ్మిన కంపెనీలు ఇప్పుడు ఆ పేర్లతో లేవు. పేర్లు మాత్రం మన నాలుక మీద నిలిచిపోయినవి. పాలకో, కూరగాయలకో, కోళ్ళకో ఒక వ్యాను కొనుక్కొని నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకొనే వారు ఈ బండ్ల కథ ఒకసారి వినడం మంచిది. కొనేవాడికి పనికివచ్చే సంగతులు అందులోనే ఉన్నవి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఎక్కువమంది రైతులకు అందుబాటులో ఉన్నది ఎడ్లబండి. అది కాకపోతే లారీ. 1954లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ బెంజి కంపెనీ సాయంతో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. లారీ మంచిదే. కాని పది తట్టల వంకాయలకు లారీ ఎవరు కడతారు? నలుగురి సరుకూ కలిసేదాకా ఆగితే కాయ వాడిపోతుంది. ఆగకపోతే కల్లంలోకి వచ్చిన దళారి చెప్పిన ధరకే ఇచ్చుకోవాలి. ఎడ్లబండికీ లారీకీ మధ్య అంత ఖాళీ ఉండేది.

ఆ ఖాళీలోకి వచ్చినదే టెంపో. 1958లో బజాజ్ టెంపో అనే కంపెనీ ఏర్పడి, జర్మనీవారి పద్ధతిలో మూడు చక్రాల సరుకు బండ్లు చేసింది. ముందు ఒక చక్రం, వెనుక రెండు. తరువాత మెటడోరు వ్యాను వచ్చింది. చిన్న వ్యాపారి సరుకుకు తగిన బండి కావడంచేత, ఎవరు చేసినా చిన్న బండి అంటే టెంపోయే అన్నంతగా పేరుపడింది. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకొన్నది.

ఇక 1980 తరువాతి సంగతి చూడండి. జపాను కంపెనీల పొత్తుతో నాలుగు చిన్న లారీల కర్మాగారాలు లేచినవి. ఉత్తరప్రదేశ్‌లో డి.సి.ఎం. టయోటా, పంజాబులో స్వరాజ్ మాజ్డా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్. బండ్లు తేలిక, నడక నున్నన, చూపుకు ముచ్చట. అయితే విడిభాగాలు చాలావరకు జపాను నుండి రావాలి. 1985 తరువాత ఆ దేశపు నాణెం యెన్ విలువ ఒక్కసారి పెరిగింది. అంతకుముందు డాలరుకు 240 దాకా వచ్చే యెన్లు, 1988 నాటికి 130 దగ్గరకు దిగినవి. దానితో దిగుమతి సామాను ఖరీదు మండిపోయింది. పైగా 1986లో టాటావారు 407 అనే చిన్న లారీని దింపారు. వారి లారీలకు ఊరూరా మెకానిక్కులు అప్పటికే ఉన్నారు.

చివరకు ఏమయింది? ఆల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రావారి చేతికి పోయింది. డి.సి.ఎం. టయోటా 1990ల మధ్యలో కొరియా దేశపు దేవూ కంపెనీకి పోయింది. భాగాలను ఇక్కడే చేయించుకొన్న ఐషర్ నిలదొక్కుకొన్నది. ఇది కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కంపెనీ చేతులు మారితే బండి కొన్నవాడు సామాను కోసం పట్నం పట్టుకొని తిరగవలసి వస్తుంది. బండి వారం నిలబడితే వారం సంపాదన పోతుంది. అప్పు వాయిదా మాత్రం నిలబడదు.

1999లో రైతుబజార్లు వచ్చిన తరువాత, తన సరుకు తానే పట్నానికి తెచ్చుకొనే రైతుకు చిన్న బండి అవసరం ఇంకా పెరిగింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. దాన్ని తయారుచేయబోయే ముందు, మూడు చక్రాల బండ్లు నడుపుకొనే వారినే కలిసి, మీకేమి కావాలని అడిగారు. ఆ మీదట రెండు సిలిండర్ల, 702 సి.సి. డీజిల్ ఇంజను పెట్టి, 750 కిలోలు మోసే నాలుగు చక్రాల బండి చేశారు. ఇంజను బలం 16 గుర్రాలే. అయినా జనం ఎగబడి కొన్నారు. ఎందుచేతనంటే, అది కొనేవాడి సరుకును కొలిచి కుట్టిన చొక్కా. 2011లో అశోక్ లేలాండ్‌వారి దోస్త్ అంతకంటే పెద్ద మోతకు, టన్నుంబావు దాకా, వచ్చింది.

ఈ కథలో మనకు పనికివచ్చేది ఇదే: ముందు సరుకు, తరువాత బండి. టమాటా వేసేవారు లెక్క చూసుకోండి. బాక్సుకు 25 కిలోల చొప్పున 30 బాక్సులంటే 750 కిలోలు. ఖాళీ బాక్సుల బరువు కలిపితే 750 కిలోల బండికి అప్పుడే హద్దు దాటింది. హద్దు దాటితే టైర్లు, కమాను పట్టీలు పాడవడం ఒకటే కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. పూలు, ఆకుకూరలు వేసేవారికి బరువుతో చిక్కులేదు. వారు చూసుకోవలసినది తొట్టి పొడవు, వెడల్పు.

రెండవ లెక్క, రోజులది. ఏడాదిలో ఎన్ని రోజులు మీకు సరుకున్నది? మూడు నెలల పంటకు పన్నెండు నెలల వాయిదా కట్టాలి గదా! ఆ మూడు నెలలకు అయ్యే బాడుగ ఎంత? వాయిదా, బీమా, డ్రైవరు జీతం, మరమ్మతులు కలిపి ఏడాదికి ఎంత? రెండూ కాగితం మీద పక్కపక్కన వేయండి. బాడుగే తక్కువయితే బండి కొనవద్దు. మిగిలిన నెలల్లో ఇతరుల సరుకు తప్పక దొరికే వీలుంటేనే కొనండి.

మూడవది, మరమ్మతు. మీ మండల కేంద్రంలో ఆ బండి విప్పి బిగించగల మెకానిక్కు ఉన్నాడా? సామాను దుకాణంలో దొరుకుతుందా? అదే బండి రెండేళ్ళుగా నడుపుతున్నవాణ్ణి అడగండి.

ఇంకొక మాట. బండి బరువూ సరుకు బరువూ కలిపి 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు. రిజిస్ట్రేషను, బీమా, ఫిట్‌నెస్ పత్రం మాత్రం ఉండవలసిందే.

విస్తరణ సిబ్బందికి కూడా ఒక మనవి. మీ ఊరి రైతు ఎవరైనా బండికోసం అప్పు తీసుకోబోతుంటే, సంతకం పెట్టకముందే అతనితో కూర్చొని ఈ మూడు లెక్కలూ వేయించండి. ఒక్కరికి చాలినంత సరుకు లేకపోతే నలుగురు రైతులను కలిపి ఒక బండి సంగతి ఆలోచింపజేయండి. సంతకం అయిన తరువాత వేసే లెక్క రైతుకు చింతే తప్ప మరేమీ మిగల్చదు.