పికప్ వాహనముల వేరియంట్లు

పికప్ వాహనముల వేరియంట్లు అనగా ఒకే నమూనా పికప్‌ను తయారీ సంస్థ వేర్వేరు బరువు సామర్థ్యములతో, ట్రాలీ పొడవులతో, క్యాబిన్ వసతులతో విక్రయించే రకములు. ముందు క్యాబిన్, వెనుక పైకప్పు లేని ట్రాలీ కలిగిన ఈ వాహనమును ఆస్ట్రేలియాలో యూట్ అని అంటారు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో బొలెరో ట్రాలీ అనే పేరు వాడుకలో ఉన్నది.

విభజన తీరు

కార్లలో వేరియంట్ల భేదము ఎక్కువగా సౌకర్యములకు సంబంధించినది. పికప్‌లలో మొదట చూడవలసినది మోయగల బరువు. మహీంద్రా సంస్థ 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన బొలెరో మాక్స్ పికప్ సిటీ, హెచ్.డి. అనే రెండు శ్రేణులలో, 1.3 టన్నుల నుండి 2 టన్నుల వరకు సామర్థ్యముతో వచ్చింది. హెచ్.డి. శ్రేణిలో ట్రాలీ పొడవు 3,050 మి.మీ. వరకు ఉంటుంది. పేరులోని 1.7, 2.0 వంటి అంకెలు టన్నులను తెలుపుతాయి. వాటిని ఇంజను లీటర్లుగా భావించరాదు. టాటా యోధ 2017లో వచ్చింది. 2 టన్నులు మోయగల యోధ 2.0 2022లో విడుదలైనది.

ఇసుజు సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో కర్మాగారమును ప్రారంభించినది. దాని డి-మాక్స్‌ను సరకు రవాణాకు సింగిల్ క్యాబ్‌గాను, సిబ్బందితో పాటు సరకు తరలించుటకు ఎస్-క్యాబ్‌గాను, సొంత వాడకమునకు వి-క్రాస్‌గాను విభజించినది. ఒకే కుదురు నుండి వచ్చిన ఈ మూడింటిని వేరు చేసేది కొనుగోలుదారుని అవసరమే.

ఉత్తర తెలంగాణలో అవసరములు

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు వచ్చే విడి పత్తి తేలికైనది, కాని చాలా చోటు ఆక్రమిస్తుంది. దానికి బరువు సామర్థ్యము కన్న పొడవైన ట్రాలీ ముఖ్యము. సిమెంటు సంగతి ఇందుకు విరుద్ధము. 50 కిలోల బస్తాలు 1.3 టన్నుల బండిలో 26, రెండు టన్నుల బండిలో 40 పడతాయి. చిన్న బండి చౌకగా వస్తున్నదని కొని దానిపై 40 బస్తాలు వేసినచో కమాన్ కట్టలు విరుగుట ఒక్కటే నష్టము కాదు. బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరము పెరుగుతుంది, టైరు పేలే ప్రమాదము ఉంటుంది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు.

ఉట్నూరు, తిర్యాణి ప్రాంతముల ఏజెన్సీ బాటలలో వర్షాకాలమున నాలుగు చక్రముల డ్రైవ్ అక్కరకు వస్తుంది. అయితే ధర, ఇంధన వ్యయము రెండూ పెరుగుతాయి కనుక తారురోడ్డుపైనే తిరిగే బండికి అది అనవసరము. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల వంటి చోట్ల పనివారిని, పనిముట్లను కలిపి తీసుకొనిపోవుటకు రెండు వరుసల సీట్లు గల బొలెరో క్యాంపర్ వంటి డబుల్ క్యాబ్ రకము అనువైనది. పత్తి ఏరుటకు వెళ్ళే కూలీలను ట్రాలీలో నిలబెట్టి తీసుకొనిపోవుట చట్టవిరుద్ధము, ప్రాణాపాయము కూడా. రిజిస్ట్రేషన్ పత్రములో వ్రాసిన సీట్ల సంఖ్యయే పరిమితి.

క్యాబిన్‌లో ఏసీ

రామగుండం పరిసరములలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 డిసెంబరులో నిబంధన తెచ్చినది. ఇది మొత్తము బరువు 3.5 టన్నులకు మించిన సరకు వాహనములకే వర్తిస్తుంది. అంతకు లోపలి పికప్‌లకు వర్తించదు. అందుచేత అటువంటి పికప్‌లలో ఏసీ ఉండుట, లేకపోవుట ఎంచుకొన్న వేరియంటును బట్టి ఉంటుంది. వేరియంటును ఎంచుకొనేది యజమాని, ఎండలో కూర్చొనేది చాలాసార్లు జీతపు డ్రైవరు. ఏసీని అలంకారములతో ముడిపెట్టి ఖరీదైన రకములకే పరిమితము చేయుట కన్న, ప్రతి బరువు శ్రేణిలోను విడిగా అందించుట సమంజసము.

లైసెన్సు

మొత్తము బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనమును తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చినది. పైన పేర్కొన్న పికప్‌లన్నియు ఈ పరిమితిలోనివే.