చమురు తెట్టు సెన్సార్

చమురు తెట్టు సెన్సార్ ఓడల మరమ్మతు రేవుల వంటి చోట్ల నీటిపై తేలే చమురును పసిగట్టే పరికరం. గట్టుకో స్తంభానికో బిగించే రకం నీటిని తాకదు, పైనుంచి అతినీలలోహిత కాంతిని ప్రసరిస్తుంది. చమురులోని ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఆ కాంతిని పీల్చుకొని, అంతకన్నా ఎక్కువ తరంగదైర్ఘ్యంతో వెలువరిస్తాయి. ఇంద్రధనుస్సు రంగుల జిగి కంటికి ఆనని చీకట్లోనూ పలుచని పొర ఇలా పట్టుబడుతుంది. నాచు కూడా కొంత వెలుగుతుంది కనుక పరికరాన్ని ఆయా రేవు నీటికి తగినట్టు సరిచూడడం తప్పనిసరి.

ఓడ అడుగున చేరే మురికినీటిలో చమురును కొలిచే మీటరు వేరు. బయటికి వదిలే ఆ నీటిలో చమురుకు ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్ 15 పీపీఎం (పది లక్షల భాగాలకు 15) పరిమితి విధించింది. గ్రేట్ లేక్స్ సరస్సుల్లో కెనడా నిబంధన 5 పీపీఎం.