నీటి అడుగున రెండున్నరేళ్లు

హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం మీద మొదటి నుంచీ వాదనలే. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పని మొదలుపెట్టినప్పుడు ప్రజాధనం దీనికా అన్నారు కొందరు. న్యూయార్క్ స్వేచ్ఛాప్రతిమను చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. మరి ఎత్తు ఉంటే అర్థం వచ్చేస్తుందా?

అమరావతి తొలి శిల్పులకు ఎత్తుతో పనిపడలేదు. అసలు బుద్ధుడి రూపమే చెక్కలేదు వాళ్లు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం చెక్కారు. వాటి ముందు వంగి మొక్కే మనుషుల్ని చెక్కారు. ఆ వంగిన వీపులు చూస్తే చాలు, తథాగతుడు అక్కడ ఉన్నట్టే. ఆ ఫలకాలు తలుచుకుంటే భారీ విగ్రహాల మీద నాకు అనుమానం కలిగే మాట నిజం.

అయినా హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి తోసిపుచ్చలేను. రాయగిరి కొండలో ఒకే రాతిని గణపతి స్థపతి బృందం ఏళ్లతరబడి మలిచింది. 1990 మార్చి 10న బార్జి మీద తరలిస్తుంటే విగ్రహం జారి సాగరంలో మునిగింది. దానితోపాటు పనివాళ్లూ ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరు 1న పైకి తీసి పీఠం మీద నిలిపారు. 2006లో దలైలామా ప్రతిష్ఠ జరిపారు.

సాయంత్రం ఫొటోలు దిగేవాళ్లు ఎత్తు గురించే మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ అభయహస్తం కింద ముందు ఆ బార్జే కనిపిస్తుంది.