కదలకూడని గోడ

వంతెనల డిజైన్లు చేసిన రోజుల్లో, లెక్క సరిపోతే స్తంభం నిలుస్తుందనే నమ్మాను. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినపుడు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాండియేగో క్యాంపస్‌లోని పావెల్ లేబొరేటరీని చూశాను.

1971 శాన్ ఫెర్నాండో భూకంపంలో వంతెనలు కూలాయి. కాంక్రీటు పగిలే తీరు, కడ్డీ వంగే తీరు చిన్న నమూనాల్లో పూర్తిగా బయటపడవు. పెద్ద నమూనాను నెట్టాలంటే ముందు కదలని గోడ కావాలి. 1986లో ప్రారంభమైన ఈ లేబొరేటరీలో 50 అడుగుల ఎత్తు కాంక్రీటు గోడ, దాని ముందు మందపాటి నేల కట్టారు. నమూనాను నేలకు బోల్టులతో బిగించి, గోడకు అమర్చిన హైడ్రాలిక్ జాకీలతో ముందుకూ వెనక్కూ నెడతారు.

1989 అక్టోబరు 17న లోమా ప్రీటా భూకంపానికి ఓక్లాండ్‌లో రెండంతస్తుల సైప్రస్ వంతెన కూలి 42 మంది మరణించారు. పాత స్తంభాలను బలపరచే ఉక్కు తొడుగులను ఈ గోడ దగ్గరే పరీక్షించారు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో అలా బలపరచిన వంతెనలు నిలిచాయి.

ఆ గోడ ముందు నా పాత డ్రాయింగులు గుర్తొచ్చాయి. స్తంభాల్లో రింగులు ఇంకా దగ్గరగా వేయించాల్సింది. సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. అదే నా మనవి.