చాటలో కార్ఖానా

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్. ఈ ఊళ్లలో ఏ వాడకు పోయినా పగటిపూట అరుగు మీద ఒక చాట కనబడుతుంది. అందులో ఓ పక్క కోసిన తునికాకు, ఇంకో పక్క తంబాకు, నడుమ దారపు ఉండ. రాత్రి నీళ్లు చల్లి గోనెపట్టాలో చుట్టిపెట్టిన ఆకు తెల్లారేసరికి మెత్తబడుతుంది. రేకు ఫర్మా పెట్టి కత్తెరతో ఆకు కోయాలి, చిటికెడు తంబాకు పరచాలి, వేళ్ల మధ్య చుట్టాలి, మూతి మడిచి దారం బిగించాలి. అప్పుడు ఒక బీడీ. పాతిక బీడీలైతే కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. కూలీ లెక్క ఎప్పుడూ వెయ్యి మీదే.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో లక్షల రూపాయల సరుకు ఇట్లా ఇళ్లలోనే తయారవుతున్నా, ఆ ఇళ్లలో దేని గోడకూ లైసెన్సు వేలాడదు. అక్కర్లేదని చట్టమే చెప్పింది. ఇంటిని లైసెన్సు నుంచి వదిలేయడం పైకి దయలాగే కనబడుతుంది. ఆ దయ వెనుక మాత్రం కోర్టు మెట్లెక్కిన పాతికేళ్ల చరిత్ర ఉంది.

బీడీ వ్యాపారం మొదట పెరిగింది మధ్య పరగణాల్లో. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో గుజరాతీ వర్తకులు జబల్‌పూర్, గోందియా వైపు కార్ఖానాలు పెట్టారు. అడవి పక్కనే, రైలు పక్కనే, కూలీ చవక. సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాల నుంచి షోలాపూర్ మిల్లులకు వలసపోయిన పద్మశాలీల ఇళ్లలో మగవాళ్లు మగ్గం మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చుట్టారు. ఇప్పుడు సిరిసిల్లలోనూ అంతే. మగవాళ్లు మరమగ్గాల షెడ్డుకు పోతారు, ఆడవాళ్లు చాట ముందు కూర్చుంటారు.

తొలినాటి బీడీ పని ఎక్కువగా కార్ఖానాల్లోనే జరిగేది. గాలీ వెలుతురూ లేని గదులు, వాటినిండా పిల్లలు. 1931లో రాయల్ లేబర్ కమిషన్ తన నివేదికలో ఈ స్థితిని ఎత్తిచూపింది. 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. ఆ చట్టం లెక్కలో కరెంటు వాడితే పది మంది, వాడకపోతే ఇరవై మంది పనివాళ్లుంటే అది ఫ్యాక్టరీ. బీడీకి కరెంటు అక్కర్లేదు, కాబట్టి యజమాని పనివాళ్లను ఇరవైలోపు ఉంచితే చాలు. ఇంకా తెలివైన దారి ఏమిటంటే కార్ఖానానే ఎత్తేసి ఆకూ తంబాకూ ఇళ్లకు పంపడం. కిరాయి మిగులుతుంది, దీపం ఖర్చు మిగులుతుంది, ఇన్‌స్పెక్టర్ రాడు. మద్రాసు రాష్ట్రం 1958లో బీడీ కార్ఖానాలకు ప్రత్యేకంగా లైసెన్సు చట్టం తెచ్చింది. అలాంటి కట్టుబాట్లు వచ్చినచోటల్లా పని గోడలు దాటి గడపల్లోకి జారిపోయింది.

ఇంట్లో బీడీ చుట్టడాన్ని సర్కారు ఆపగలదా అన్న ప్రశ్న కూడా ఒకసారి సుప్రీంకోర్టు దాకా పోయింది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ జిల్లాలో వ్యవసాయపు పనుల కాలంలో బీడీలు చుట్టకూడదని డిప్యూటీ కమిషనర్ 1950లో ఉత్తర్వు ఇచ్చారు. పొలాలకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. చింతామన్‌రావు కేసులో అదే ఏడు నవంబరులో కోర్టు ఆ ఉత్తర్వునూ, దానికి ఆధారమైన చట్టాన్నీ కొట్టేసింది. పొలం పని చేయలేని ముసలివాళ్లనూ, రోగులనూ, పిల్లలనూ కూడా చుట్టొద్దనడం అతి అని చెప్పింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాదైనా నిండలేదు. వృత్తి స్వేచ్ఛకు సహేతుకమైన హద్దు ఏది అని ఆ తర్వాత వాదించిన వకీళ్లందరూ ఈ బీడీ కేసును తలచుకోవలసిందే.

అసలు చిక్కు వేరే ఉంది: ఇంట్లో చుట్టే మనిషి ఎవరు? సొంత వ్యాపారమా, కూలీయా? కంపెనీలు మొదటిదే అన్నాయి. నడుమ టేకేదారు ఉంటాడు. కంపెనీ దగ్గర ఆకు తెచ్చి ఇళ్లకు పంచుతాడు, బీడీలు వాపసు చేస్తాడు. మాకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదని కంపెనీ అంటుంది. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకు వేసి, ఆకూ తంబాకూ టేకేదారుకు అమ్మినట్టు, తయారైన బీడీలు అతని దగ్గర కొన్నట్టు కాగితం రాసుకున్నారు. 1958లో అదే సాగర్ నుంచి వచ్చిన మరో కేసులో ఇలా సరుకు తెచ్చిచ్చే మధ్యవర్తులు ఫ్యాక్టరీ పనివాళ్లు కారని సుప్రీంకోర్టు తేల్చింది.

అందుకే 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. తెలివిగా రాసిన చట్టమనే చెప్పాలి. లైసెన్సు కావలసింది కార్ఖానాకు. సొంత ఇంట్లో, తన మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యులతో బీడీలు చేసుకునే ఇంటి యజమానికి చట్టమే వర్తించదు. అయితే ఒక షరతు ఉంది: అతను ఇంకో యజమాని కింద పనిచేసేవాడై ఉండకూడదు. కంపెనీ నుంచి గానీ టేకేదారు నుంచి గానీ ఆకు తీసుకుని ఇంట్లో చుట్టిచ్చే మనిషి ‘ఉద్యోగి’ అని చట్టం నిర్వచనంలోనే రాసింది. ఇల్లు లైసెన్సు నుంచి బయటపడింది, ఇంట్లో మనిషి చట్టం లోపలికి వచ్చింది. కంపెనీలు ఊరుకోలేదు. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది.

భవిష్యనిధి దగ్గర మళ్లీ అదే గొడవ. 1977లో బీడీ పరిశ్రమను పీఎఫ్ కిందికి తెచ్చారు. ఇంటి దగ్గర చుట్టేవాళ్ల మీద మాకు అజమాయిషీ ఎక్కడిదని కంపెనీలు అడిగాయి. పీఎం పటేల్ అండ్ సన్స్ కేసులో 1985లో కోర్టు చెప్పిన జవాబు చదివి తీరాలి. బీడీలు అప్పజెప్పేటప్పుడు కంపెనీ మనిషి నాసిరకమని కొన్నింటిని తీసిపారేస్తాడు. వ్యాపారంలో దీన్ని ఛాట్ అంటారు, కూలీకి గండి పడేది ఇక్కడే. ఆ తీసిపారేసే హక్కే అజమాయిషీ అంది కోర్టు. రోజూ ఆమె కడుపుకొట్టిన ఛాటే ఆమెను కార్మికురాలిగా నిలబెట్టింది.

కాగితం విషయంలో అడవి అంచున పరిస్థితి ఇంటి చాటకు తలకిందులు. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం తునికాకు కోత. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో ఆకు కొనే హక్కు సర్కారు చేతికి పోయింది. కల్లం దాటి ఆకు కదలాలంటే కాగితం కావాలి. కట్టకు ఎంత ఇవ్వాలన్నదాని మీద డెబ్బయ్యో దశకం చివర నుంచి ఈ జిల్లాల్లో సాగిన పోరాటాలు అందరికీ తెలిసినవే. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు గిరిజనులకు దక్కింది, కాగితం మీదైతే. ఇప్పపువ్వు సంగతి ఇంకా కఠినం. నిజాం కాలపు 1316 ఫస్లీ ఆబ్కారీ చట్టం నాటి నుంచే ఇంట్లో సారా కాయడానికి లైసెన్సు తప్పనిసరి అయింది. గోండు గూడెంలో పెద్దలకూ, దేవుడు పెర్సాపేన్‌కూ పెట్టే ఇప్పసారా అయినా సరే. మొత్తానికి ఆకుకు కాగితం, సారాకు కాగితం, చాటకు మాత్రం ఏమీ లేదు.

చాటకు లేకపోయినా చేతికి కావలసి వచ్చింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి, దానికి సెస్సు వచ్చాయి. గుర్తింపు కార్డు ఉంటే దవాఖానా, పిల్లలకు స్కాలర్‌షిప్పు, ఇంటికి సాయం. అప్పటి నుంచి కార్డు, కంపెనీ పాసుబుక్కు, పీఎఫ్ నంబరు ఈ ప్రాంతంలో ఆస్తి కిందే లెక్క. పెళ్లిచూపుల్లో పిల్లకు బీడీలు చుట్టొస్తదా అని అడగడం రివాజైన ఊళ్లలో, పుస్తకం ఉందా అన్నది దాని తర్వాతి ప్రశ్న. పుస్తకం ఒకరి పేరు మీద, చుట్టేది ముగ్గురు. అత్త పేరున కోడలు, తల్లి పేరున బడి నుంచి వచ్చిన బిడ్డ. వెయ్యి లెక్క తొందరగా పూర్తవుతుంది గానీ, రికార్డులో ఉండేది ఒక్క మనిషే. తక్కిన చేతులు ఏళ్లకేళ్లు పనిచేసినా ఎక్కడా నమోదు కావు.

దాని నష్టం 2015లో తెలిసింది. తెలంగాణ సర్కారు బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2,016 చేసింది. పేరు రావాలంటే ఫలానా తేదీకి ముందే పీఎఫ్ ఖాతా ఉండాలి. అత్త పేరున చుట్టిన కోడళ్లు, కంపెనీ పుస్తకం ఇవ్వకుండా పని చేయించుకున్న ఆడవాళ్లు ఆ గీత అవతల ఉండిపోయారు. గడువు తేదీ మార్చాలన్న డిమాండు అప్పటి నుంచి ఎన్నికల సభల్లో వినబడుతూనే ఉంది.

వ్యాపారం కూడా సన్నబడింది. 2016లో పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు తప్పనిసరి అయ్యాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీని 28 శాతం శ్లాబులో పెట్టారు, దాంతోపాటే సంక్షేమ నిధికి వచ్చే సెస్సు రద్దయింది. నెలంతా దొరికిన పని చాలాచోట్ల సగం రోజులకు దిగింది. పొగాకు మానాలన్న మాట న్యాయమైనదే, దాని ఖర్చు మాత్రం ముందుగా అరుగు మీది మనిషికి పడింది.

బీడీ మానేసి అదే ఇంట్లో ఆమె పచ్చళ్లో సకినాలో చేసి అమ్మాలనుకుంటే కథ మారుతుంది. ఆహార భద్రత నియమాలు 2011 నుంచి ఇంటి వంటకూ వర్తిస్తున్నాయి. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారమైతే 100 రూపాయలు కట్టి రిజిస్ట్రేషన్ తీసుకోవాలని ఆ నియమాల్లో రాశారు. 2020 జూలై నుంచి చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం. సకినాలు చేసే మనిషి తొలిరోజే తన పేరుతో, తన ఇంటి చిరునామాతో ఒక కాగితం తీసుకుంటుంది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషికి దొరకనిది సరిగ్గా అదే.

1966 చట్టం ఇప్పుడు లేదు. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయి, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడే అమలవుతోంది. కార్ఖానాకు లైసెన్సు కావాలన్న వాక్యం అందులో ఉంది. సొంత ఇంట్లో కుటుంబంతో చుట్టుకునేవాళ్లకు అది వర్తించదన్న వాక్యం కూడా మినహాయింపుతో సహా అట్లాగే కొత్త పుస్తకంలోకి ఎక్కింది.